ఎర్ర రిబ్బన్లు కట్టిన పొద

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఇంట్లోవాళ్లు ఇంకా లేవకముందే, పెరట్లో ఉన్న విల్లో పొదను మొదలంటా కొట్టేశారు. కొట్టినవాడు డ్రైనేజీ పైపులు బాగుచేసే అబ్బాయి. పొదకు ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అందుకే కొట్టాడు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. తవ్వకం మొదలుపెట్టేముందు, తీసెయ్యాల్సినదానికి ఎర్ర టేపు కడతారు. ఉంచాల్సినదానికి నీలం టేపు. ఆ పద్ధతి పెట్టింది అతని బాబాయి. కాంట్రాక్టు కూడా ఆయనదే. ముందురోజు ఇంటాయన ఫోన్లో, "పైపు మీద అడ్డం ఉన్నవేవో నేను గుర్తు పెట్టి ఉంచుతాను, మీరు పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టుకోండి" అన్నాడు. అన్నవాడు ఆ సంగతి మరిచిపోయి పడుకున్నాడు.

కొమ్మలన్నీ ట్రక్కులో వేసుకుని బాబాయి వెళ్లిపోయాడు. అబ్బాయి నడుంలోతు గోతిలో దిగి మట్టి తోడుతున్నాడు. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. నోట్లో బ్రష్షుతో ఒక అమ్మాయి మెట్టు మీద నిలబడి పెరడంతా చూసింది. ఏదో అంది. నురగ తప్ప మాట బయటికి రాలేదు. లోపలికి పరిగెత్తి, నోరు కడుక్కుని మళ్లీ వచ్చింది.

"పొదేది?"

"ఏ పొదండీ?"

"మీరు నిలబడ్డచోట ఉండేది. నిన్న సాయంత్రం కూడా ఉంది."

"తీసేశామండీ."

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరేనండీ." గోతిలోంచి చెయ్యి చాపి, మట్టిలో పడివున్న రిబ్బన్ ముక్క తీసి చూపించాడు. "గుర్తు కట్టారుగా."

"అది కొట్టమని కట్టలేదు. ఆ కొమ్మల జోలికి ఎవరూ పోవద్దని కట్టాను!"

"జోలికి పోవద్దంటే నీలం కట్టాలండీ."

"అలాగని ఎవరు చెప్పారు?"

"మా బాబాయి."

"నాకెవరూ చెప్పలేదే! మీ బాబాయి నాకు బాబాయా?"

గొడవ విని ఇంటాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. గోతిని చూశాడు, కూతుర్ని చూశాడు, తను చెయ్యాల్సిన పనేదో అప్పుడు గుర్తొచ్చింది. "పోతే పోయిందిలే అమ్మా. గులాబీ పెట్టుకుందాం" అన్నాడు.

"నాన్నా, అది నానమ్మది."

ఇంటాయన లుంగీ సర్దుకోవడం ఆపేశాడు. గోతిలో ఉన్నవాడికి ఆ మాట అర్థం కాలేదు గానీ, అదేదో చిన్న విషయం కాదని మాత్రం తెలిసింది.

విషయం ఇదీ. ఆ ఇంటి తాతయ్య జన్మలో ఒక్కసారి నానమ్మకు పువ్వులు తెచ్చాడు. షాపులో కట్టించిన గుత్తి. పువ్వులు నాలుగు రోజుల్లో వాడిపోయాయి. గుత్తి నిండుగా కనపడాలని మధ్యలో పెట్టిన పుల్ల ఒకటి మాత్రం నీళ్లలో వేళ్లు వేసింది. నానమ్మ దాన్ని పెరట్లో గుచ్చింది. తాతయ్య పోయాడు, పుల్ల పొద అయింది. దాని పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నానమ్మ రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించుకుని అత్తయ్య దగ్గర ఉంది. నెల తిరిగితే వస్తుంది. వెళ్తూ మనవరాలితో ఒకటే అంది: "కళ్లొచ్చాక ముందు నా పొదని చూడాలే. నేను వచ్చేలోపు దాని పేరేంటో కనుక్కో." మనవరాలు కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. అప్పటినుంచి రోజూ భూతద్దం పట్టుకుని రిబ్బన్ కట్టిన కొమ్మల్ని చూసి, ఫొటోలు తీసి, తోటలశాఖలో ఉన్న ఒక మొక్కల మాస్టారికి పంపుతోంది. నీటి ఒడ్డున పెరిగే విల్లో జాతేనని ఆయన తేల్చాడు. విల్లోల్లో వందల రకాలున్నాయి, పువ్వు చూడకుండా పేరు చెప్పలేనన్నాడు. ఆ పొదకు పువ్వు రావడం ఎవరూ చూడలేదు. చలికాలం చివర్లో ఏటా నల్లపురుగు మాత్రం పట్టేది. నానమ్మ పొద్దున్నే లేచి, ఎవరూ చూడకముందే పురుగంతా గిల్లి పారేసేది. తన చేతి చలవవల్లే పొద బతికిందని ఆవిడ నమ్మకం.

"కొమ్మలెక్కడ?" అంది అమ్మాయి.

"ట్రక్కులో వెళ్లాయండీ. పొట్టు మిల్లుకి."

"పొట్టు మిల్లు అంటే?"

"కొమ్మల్ని పొట్టు చేస్తారండీ."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది అబ్బాయికి. అతను గోతిలోంచి ఒక్క గెంతులో బయటికొచ్చి, కాళ్ల మట్టయినా దులుపుకోకుండా బండెక్కాడు.

మిల్లు గేటు దగ్గర బాబాయి ట్రక్కు వరుసలో రెండోది. ముందు ట్రక్కు దించుతున్నారు. అబ్బాయి వెనక్కెక్కి కొమ్మలు కిందికి లాగడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఏంట్రా ఇది? పైపు పగిలినా ఇంత పరుగు పరిగెత్తవు."

"ఇవి పొట్టు చెయ్యకూడదు బాబాయ్."

"ఎందుకని?"

"వాళ్లకి కావాలట."

"వాళ్లంటే ఇంటాయనకా?"

అబ్బాయి ఇంకో కొమ్మ కిందికి లాగాడు.

"ఇంటాయనకి కూతురుందన్నమాట" అన్నాడు బాబాయి, కొమ్మలు దించడానికి తనూ ఒక చెయ్యి వేస్తూ.

* * *

సోమవారం సాయంత్రం అబ్బాయి, ఇంటాయన్ని అడిగి తెలుసుకుని, ఆమె పనిచేసే కళ్లజోళ్ల షాపుకి వెళ్లి తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు. పిలిచారు. లోపలి గదిలో ఆమె తల ఎత్తకుండానే అంది: "గడ్డం ఇక్కడ ఆనించండి."

ఆనించాడు.

"కింది వరుస చదవండి."

చదివాడు.

"దాని కిందది."

చదివాడు.

"దాని కింద అచ్చేసినవాళ్ల పేరుంటుంది. అది చదవగలిగితే మీరు ఇక్కడికి రావాల్సిన పనే లేదు."

అదీ చదివాడు. అప్పుడు ఆమె తలెత్తింది.

"మీరా!"

"కొమ్మలు తెచ్చానండీ." ఒళ్లో ఉన్న సంచి పైకెత్తాడు. "మిల్లులో పడకముందే పట్టుకున్నా. ఆదివారమంతా కూర్చుని రెడీ చేశా."

సంచిలో జానెడు జానెడు పుల్లలున్నాయి. అన్నీ ఒకే పొడవు. రెండువైపులా నున్నగా, సూటిగా కోసి, కట్టలు కట్టి ఉన్నాయి. ఆమె ఒక పుల్ల తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇందులో పైన ఏది, కింద ఏది?"

"అంటే?"

"కింది కొసే మట్టిలో పెట్టాలి. తలకిందులుగా పెడితే సరిగ్గా రాదు."

అబ్బాయి తెల్లమొహం వేశాడు. "పైపుకి పైనా కిందా ఏముంటుందండీ? ఎటు బిగించినా ఒకటే."

"ఇది పైపా?"

"కాదండీ."

"దేంతో కోశారు?"

"పైపు కట్టర్‌తోనండీ."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, కుదరలేదు. శనివారం నుంచి అతని గుండెల మీద ఉన్న బరువు కొంచెం పక్కకు జరిగింది.

షాపు ముయ్యడానికి ఇంకా టైముంది, బయట ఎవరూ లేరు. ఆమె దీపం దగ్గరికి జరిపి, భూతద్దం తీసి, పుల్ల మీద మొగ్గను చూపించింది. "ఇదిగో, మొగ్గ మొన ఎటుందో చూడండి. మొన ఎటు చూస్తే అది పైన." ఒక్కొక్కటే చూసి, పై కొసకు పెన్సిల్‌తో గీత గీస్తూ కూర్చున్నారు. ఒకసారి ఇద్దరూ ఒకే పుల్ల మీదికి వంగారు. భూతద్దానికి అటువైపు ఆమె కన్ను అరచేయంత కనిపించింది. కన్ను అంత పెద్దగా కనపడితే లోపల ఏముందో తెలిసిపోవాలి. అతనికేమీ తెలియలేదు. గీత మాత్రం వంకరపోయింది.

"మా పెరట్లో నాటడానికి లేదు" అంది ఆమె. "నాన్న వద్దంటున్నాడు. పైపు నిండా దీని వేళ్లేనటగా?"

"అవునండీ. జుట్టు ఉండకట్టినట్టుంది. మీరు రిబ్బన్ కట్టకపోయినా దీన్ని తియ్యాల్సే వచ్చేది."

ఆ మాట అప్పుడు అనవలసింది కాదు. అన్నాక తెలిసింది. ఆమె పుల్లలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"మా పెరట్లో పెడదామండీ" అన్నాడు గబగబా. "కుండీలున్నాయి. జాగా ఉంది. మీరెప్పుడొచ్చి చూసుకున్నా ఎవరూ ఏమీ అనరు."

* * *

ఎవరూ ఏమీ అనరన్నది అబద్ధం. బాబాయి అన్నాడు. ఆమె మొదటిరోజు గేటు తీయగానే మొదలుపెట్టాడు: "ఒరేయ్, భూతద్దం వచ్చింది!"

ఆమె పని నుంచి వచ్చేదారిలో రోజూ ఆగేది. కుండీలు చూసేది, తడి చూసేది, ఫొటో తీసేది. పావుగంట పని. అతను మాత్రం మధ్యాహ్నం నుంచే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. చేతిలో పాన ఉండేది, బిగించాల్సిన నట్టు ఎదురుగా ఉండేది, చెవి మాత్రం గేటు దగ్గర ఉండేది. ఒకరోజు కొత్త పైపును పాతదానికి కాకుండా గోడకి ఆనించి బిగించబోయాడు.

"నువ్వు ఇంటికెళ్లరా నాయనా" అన్నాడు బాబాయి. "గోడకి నీళ్లెక్కిస్తావు."

వేళ్లు వచ్చాయో లేదోనని అతనికి ఇంకో బెంగ. ఆగలేక రోజూ ఒక పుల్ల పీకి చూసి మళ్లీ గుచ్చేవాడు. నాలుగోరోజు ఆమె చూసేసింది.

"ఏం చేస్తున్నారు?"

"వేళ్లొచ్చాయేమోనని..."

"రోజూ పీకితే ఎలా వస్తాయి?"

"పీకకపోతే వచ్చాయని ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదు. ఊరికే ఉండాలి."

"అదే నాకు చేతకాదండీ."

ఆమె అతనివైపు చూసి, "నాక్కూడా చేతకాదు" అంది. "పీకిందేదో నాకు చూపించండి, చూసి పెట్టేద్దాం." ఇద్దరూ కలిసి చూశారు. వేళ్లు లేవు. ఉన్నచోటనే మళ్లీ గుచ్చారు. ఇక పీకనని అతను మాటిచ్చాడు. ఆమె కూడా ఇచ్చింది, ఎవరూ అడక్కపోయినా.

నానమ్మ వచ్చే రోజు దగ్గరపడింది. మాస్టారు మళ్లీ అదే రాశాడు: పువ్వు లేకుండా చెప్పలేను.

మిల్లు దగ్గర దించిన కొమ్మల్లోంచి బాబాయి పొడుగువి కొన్ని ముందే తీసిపెట్టుకున్నాడు. పైపు వంపుల్లో ఇరుక్కున్న చెత్తను తోయడానికి వంగే కర్రలు పనికొస్తాయి. ఎండితే విరుగుతాయని షెడ్డులో బకెట్ నీళ్లలో నిలబెట్టాడు. షెడ్డు వెచ్చగా ఉంటుంది. వాటి సంగతి అందరూ మరిచిపోయారు.

గురువారం పొద్దున తాడు కోసం షెడ్డులోకి వెళ్లిన అబ్బాయి బకెట్ దగ్గర ఆగిపోయాడు. కర్రల నిండా, కణుపు కణుపుకీ, వేలికొసంత నల్లటివి పట్టుకుని ఉన్నాయి.

నల్లపురుగు!

బయట కుండీల్లో పుల్లలున్నాయి, వాటికి పాకితే ఇంకేమీ మిగలదు. నానమ్మ ఏటా పురుగు గిల్లేదని అమ్మాయి చెప్పింది, అలాగే గిల్లడం మొదలుపెట్టాడు. ఒక కర్రంతా గిల్లాడు. చేతికి మెత్తగా తగిలింది, పిల్లిపిల్ల చెవిలాగ. పురుగు అలా ఉంటుందా అనిపించింది గానీ, ఆలోచించే స్థితిలో లేడు. బకెట్ మీద గోనెసంచి కప్పి తలుపు వేశాడు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"ఇవాళ లేటవుతుంది. ఏడింటికి వస్తా."

"ఇవాళ వద్దండీ."

"రేపు?"

"రేపు కూడా..."

"ఎందుకు?"

పురుగు పట్టిందని చెప్పడానికి నోరు రాలేదు. పొద కొట్టినవాడు తనే, మిగిలింది పోగొట్టినవాడూ తనే అవుతాడు. "పనుందండీ" అన్నాడు.

"సరే" అంది. ఫోన్ పెట్టేసింది.

"సరే" అన్న మాట ఎన్ని రకాలుగా అనొచ్చో ఆ రాత్రంతా ఆలోచించాడు. శుక్రవారం ఆమె రాలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా లేచాడు. ఒకసారి పాలవాడు, ఒకసారి గాలి.

"గొడవపడ్డారా?" అన్నాడు బాబాయి.

"లేదు."

"గొడవైనా పడండిరా. ఇలా గేటు చూస్తూ కూర్చుంటే నా పనులెవరు చేస్తారు?"

* * *

శనివారం వాన పట్టుకుంది. వానలోనే ఆమె వచ్చింది. గొడుగు ఉంది గానీ సగం మనిషి తడిసింది. వరండాలోకి రాకుండా గేటు దగ్గరే నిలబడింది.

"నా కుండీలు తీసుకెళ్లడానికొచ్చాను. ఆటో బయటుంది."

"ఎందుకండీ?"

"మీకు పనులున్నాయిగా. రోజూ వచ్చి మీ టైం తింటున్నానని నాకు తెలీలేదు. ముందే చెప్పాల్సింది."

"అది కాదండీ."

"మరి ఏది?"

అబ్బాయి షెడ్డువైపు చూశాడు. వెనకనుంచి బాబాయి అరిచాడు: "ఒరేయ్, షెడ్డులో బకెట్ మీద గోనె ఎవడ్రా కప్పింది? నా కర్రలు కావాలి!"

"తియ్యకు బాబాయ్!"

తీసేశాడు. కర్రలు పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏంట్రా ఇది? కర్రలకి మసి పట్టింది."

అబ్బాయి తలొంచుకున్నాడు. "పురుగండీ. గురువారం చూశాను. కుండీలకి కూడా పడుతుందేమోనని... మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే రావద్దన్నా."

ఆమె గొడుగు అక్కడే వదిలేసింది. వచ్చి బాబాయి చేతిలోంచి ఒక కర్ర తీసుకుంది. బ్యాగులోంచి భూతద్దం తీసి వెలుతురువైపు తిరిగింది. ఒక్కో కణుపు దగ్గరా ఆగి చూసింది.

"ఇటు రండి" అంది.

వెళ్లాడు.

"చూడండి."

చూశాడు. నల్లటి నూగు. నూగు మధ్య ఎర్రటి చుక్కలు. కిందివైపు కొన్ని చుక్కలు పగిలి పసుపుపచ్చ పొడి రాలుతోంది.

"పురుగుకి పుప్పొడి ఉంటుందా?" అంది ఆమె.

"అంటే..."

"పువ్వు! ఇదే పువ్వు! నానమ్మ ఏటా గిల్లి పారేసింది పువ్వుల్ని!"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కర్ర పట్టుకోబోయి చెయ్యి పట్టుకుంది అనుకోవడానికి వీల్లేదు, కర్ర రెండో చేతిలో ఉంది. ఫొటో తియ్యాలని గుర్తొచ్చేదాకా వదల్లేదు. బాబాయి ఆటో అతనికి డబ్బులిచ్చి పంపించేశాడు.

గంటలో మాస్టారి జవాబు వచ్చింది. నల్ల కంకుల విల్లో. పూలగుత్తుల్లో పెట్టడానికి పెంచే రకం. ఇది మగమొక్క, ఈ రకంలో ఆడమొక్క ఎక్కడా లేదు, కాబట్టి విత్తనం రాదు. ఒకరు కొమ్మ కోసి ఇస్తే ఇంకొకరు నాటుకోవాలి, అలాగే ఇన్నాళ్లూ నిలిచింది. కింద ఇంకో వాక్యం ఉంది: ఇన్నేళ్లూ పువ్వు రాలేదన్నారే, ఎందుకో కనుక్కోగలరు.

"నేనూ ఒక కర్ర గిల్లేశానండీ" అన్నాడు అబ్బాయి.

"నానమ్మతో చెప్పండి. తోడు దొరికిందని సంతోషిస్తుంది."

* * *

నానమ్మ మంగళవారం వచ్చింది. నల్ల కళ్లద్దాలు తీసి, కొత్త కళ్లతో ముందు గోతిని పూడ్చినచోటు చూసింది. తర్వాత మనవరాలు జరిగిందంతా చెప్పి, సీసాలో ఉన్న కర్రను చేతికిచ్చింది, పేరు చెప్పింది, పురుగు కాదని చెప్పింది.

ఆవిడ నూగును బుగ్గకి ఆనించుకుంది.

"ఇదా? ఇది పువ్వా? ఏటా నా చేత్తో గిల్లి పారేశానే! ఆయన పైనుంచి చూసి ఏమనుకున్నాడో. జన్మలో ఒక్కసారి పువ్వులిస్తే ఇదా చేసేదని..." అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోతే మనవరాలు చెయ్యి పట్టుకుంది. "రుద్దకూడదు నానమ్మా, ఆపరేషన్."

"సరేలే. పొద కొట్టినవాడేడీ?"

అబ్బాయి గోడ పక్కనుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. చేతిలో కుండీ ఉంది. పుల్లకి చిగురొచ్చింది, కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేరు ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

"నువ్వేనా పైపులబ్బాయివి?"

"అవునండీ."

"ఎక్కడ నాటాలో నువ్వే చెప్పు. మళ్లీ పైపులో దూరిందని కొట్టేస్తే ఊరుకోను."

అబ్బాయి కొలత టేపు తీశాడు. పైపు ఎటు వెళ్తుందో అతనికి తెలుసు. గోడ దాకా కొలిచాడు. మూల దాకా కొలిచాడు. నీళ్లతొట్టి పక్క కొలిచాడు. పెరడు సన్నం, పైపు నడిమధ్యన. ఎక్కడ పెట్టినా వేరు అందుతుంది. మళ్లీ మొదటినుంచి కొలిచాడు.

"ఏమైంది?" అంది అమ్మాయి.

"ఇక్కడ ఎక్కడా కుదరదండీ."

"మరి?"

"మా పెరట్లో తూర్పువైపు పైపు లేదండీ."

"మా మొక్క మీ పెరట్లో ఉంటే నేను రోజూ రావాలి."

"రోజూ రానక్కర్లేదండీ." టేపు కొస వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. "అక్కడే ఉండిపోతే... రానక్కర్లేదు కదండీ."

ఇంటాయన దగ్గాడు. అమ్మాయి కుండీలోని చిగురును చూస్తూ ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏవయ్యా పైపులబ్బాయీ" అంది నానమ్మ, "ఇంతసేపూ టేపు పట్టుకుని కొలిచింది మొక్కకా, మా పిల్లకా?"

అబ్బాయి చేతిలోంచి టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

"ఏమే, నువ్వు చెప్పు. కళ్లు పరీక్షించేదానివి. ఇతని చూపెలా ఉంది?"

"కింద అచ్చేసినవాళ్ల పేరు దాకా చదువుతాడు నానమ్మా" అంది అమ్మాయి, తలెత్తకుండా. "మనసులోది చెప్పడంలోనే ఆలస్యం."

నానమ్మ కొడుకువైపు చూసింది. "వాళ్ల బాబాయికి ఫోన్ చెయ్యి. వచ్చి మాట్లాడమను."

"మొక్క గురించా?" అన్నాడు ఇంటాయన.

"మొక్క గురించే మొదలుపెట్టు."

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అబ్బాయి వాళ్ల పెరట్లో, తూర్పు గోడ పక్కన మొక్క నాటారు. గొయ్యి బాబాయి తవ్వాడు. నీళ్లు నానమ్మ పోసింది. మొగ్గ మొన పైకే ఉందని అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ వంగి చూశారు. అమ్మాయి బ్యాగులోంచి రిబ్బన్ తీసి మొక్కకు ముడివేసింది. మిగిలిన ముక్కను అబ్బాయి చొక్కా గుండీకి కట్టింది.

రిబ్బన్ నీలంది.